నాడాలకు పట్టునిచ్చిన గాట్లు

మృగశిర కార్తె, తొలి వాన పడిన ఉదయం: పాలు పోసే లక్ష్మమ్మ మా ఊరి ఏటవాలు మీద స్కూటీతో సహా జారిపడింది, మోచేయి విరిగింది.

ఆరుద్ర కార్తె, రెండో సోమవారం: పాశమైలారంలో డ్యూటీ దిగి సైకిలు మీద వస్తున్న ఇద్దరు ఒడియా కార్మికులు, అదే ఏటవాలు మీద.

పునర్వసు కార్తె, మొన్న శుక్రవారం: నేను, నడుస్తూనే.

మూడుసార్లూ, ఈ రోడ్డు వేయించిన కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చాను. నకళ్లు నా దగ్గర ఉన్నాయి. జవాబు ఒక్కటీ రాలేదు.

పడినచోటే కాసేపు కూర్చుండిపోయినప్పుడు తడిసిన కాంక్రీటు వాసన, దాని మీద ట్యాంకర్లు కార్చిన డీజిల్ వాసన ముక్కుకు తగిలి, చిన్నప్పుడు మా వాకిట్లో నూనె డబ్బాలో నానుతుండిన ఇనుప మొలల వాసన గుర్తుకొచ్చింది. ఏరువాక పున్నమికి ముందు, లోపల పోలెల కోసం శనగపప్పు ఉడుకుతుంటే, బయట ఖాసిం సాబు మా ఎడ్లను తాళ్లతో పడుకోబెట్టి, కాళ్లు కలిపి కట్టి, గిట్టలు చెక్కి నాడాలు కొట్టేవాడు. సుత్తి పట్టకముందు ఆయన అడిగే మాట ఒక్కటే: ఈసారి బండి ఏ బాటన పోతుంది? రేగడి బురదలో నడిచే ఎద్దుకు ఆయన పల్చని నాడా రేకు వేసి, నేలను కరుచుకునేలా మొలల తలలు పైకి ఉంచేవాడు; ఎండకాలపు గట్టి బాటకైతే మందపాటి రేకు వేసి, తలలు అణగగొట్టేవాడు.

ఆ ఏడు మా బాపుకు, కొత్తగా కడుతున్న ఫ్యాక్టరీకి ఇటుకలు తోలే పని దొరికింది. రేకు అరగకూడదు, పున్నమి నాటి ఊరేగింపులో ఎడ్ల కాళ్లు తీరుగా కనిపించాలి అని, మందపాటి నాడాలే కావాలని, మొలలన్నీ నున్నగా అణగగొట్టాలని పట్టుబట్టాడు.

“సూడనీకి మంచిగుంటది పటేలా, వాన పడితె కాలు నిలవదు,” అన్నాడు సాబు. బాపు వినలేదు.

పున్నమి దాటిన మూడోనాడు వాన కురిసింది. ఏటవాలు మీద అప్పుడు షాబాదు బండలు పరిచి ఉండేవి. సగం ఎక్కాక ఎర్రెద్దు ముందుకాళ్లు రెండూ జారి మోకాళ్ల మీద కూలింది. ఇటుకల బండి వెనక్కి దొర్లసాగింది. వెంట నడుస్తున్న అమ్మ చక్రం కింద రాయి తోసి ఆపింది. ఇంకొక మూర జారితే ఆమె చక్రం కిందే ఉండేది.

సాయంత్రం సాబు వచ్చి ఎద్దు మోకాళ్లకు పసుపు అద్ది, నాడాలు ఊడదీశాడు. దెప్పలేదు. తప్పు తనదేనని బాపే ఒప్పుకున్నాడు.

“నాడా సగమే పట్కుంటది పటేలా. తక్కిన సగం బాట పట్కోవాలె.”

ఆ మాట పట్టుకుని బాపు ఫ్యాక్టరీ మేస్త్రీ వెంటపడి, బండలు తీయించి కాంక్రీటు పోయించాడు. అది ఆరకముందే సాబు, బాపు చెరొక కొస పట్టుకుని, నులకతాడును అడ్డంగా ఒత్తుతూ కింది నుంచి పైదాకా జానెడుకొక గాటు పెట్టారు. చూడవచ్చిన మా మేనత్త నవ్వింది.

“ఏంది సాబూ, ఇగ నేలకు గూడ నాడాలు కొడుతున్నవా?”

“నేల తన్నదు గద అక్కా, జల్దీ అయితది.”

బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి, ట్రాక్టర్లు పోయి స్కూటీలు వచ్చాయి. ఆ గాట్ల మీద ఎవరూ జారగా నేను చూడలేదు. ఎడ్లు లేవు, సాబు లేడు, ఏ బాటన పోతావని అడిగేవాళ్లు లేరు. నిరుడు రోడ్డు వెడల్పు చేసినవారు కాంక్రీటు మీద కాంక్రీటు పోసి, యంత్రంతో అద్దంలా నున్నగా చేసి వెళ్లిపోయారు.

కనుక ఈ పని చేయించిన అధికారిని అడుగుతున్నాను. గాట్లను పూడ్చమని ఆదేశించింది ఎవరు? పూడ్చేముందు ఈ ఏటవాలు మీద ఎవరు నడుస్తారో, ఏ బండ్లు ఎక్కుతాయో విచారించారా? తిరిగి గాట్లు ఏ రోజున కొట్టిస్తారు? ఈ మూడింటికీ, పుష్యమి కార్తె ప్రవేశించేలోగా, సంతకంతో కూడిన వ్రాతపూర్వకమైన జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. నోటిమాటను జవాబుగా స్వీకరించను.