రెక్క దగ్గర సందు

మా ఆయన కట్టుడు పళ్లు చేస్తాడు. వీధిలో అందరికీ ఆయన పళ్లాయన, ఆ లెక్కన నేను పళ్లావిడని. నావన్నీ సొంత పళ్లే అని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినరు. అలాంటి మనిషి పని మానేసి, వంటింటి బల్ల మీద ప్లాస్టిక్ విమానం పెట్టుకుని గరుకు కాగితంతో రుద్దుతూ కూర్చున్నాడు.

సంగతి ఇదీ. ఆయన చేసిచ్చిన పళ్ల సెట్టు ఒక ముసలావిడ చిగుళ్లను కోసేసింది. పాపం, నెత్తురంటిన రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని దుకాణానికి తిరిగొచ్చింది. యజమాని పెద్దగా ఏమీ అనలేదు. "చెయ్యేమైనా వణుకుతోందా?" అని మాత్రం అడిగాడు. ఆ మాట ఈయన బుర్రలో తిష్ఠ వేసింది. టీ గ్లాసు పట్టుకున్నా చేతికేసి చూసుకోవడమే. కాలక్షేపానికని మా అమ్మాయి ఎప్పుడో తెచ్చిచ్చిన విమానం ముక్కల పెట్టె అప్పుడు విప్పాడు. ఎడమ రెక్క అతికిస్తే, రెక్కకీ విమానం ఒంటికీ మధ్య గోరు దూరేంత సందు మిగిలింది.

"ఈ సందు కనపడకుండా పూడిస్తే పనికి వెళ్తాను. లేదంటే నా చెయ్యి అయిపోయినట్టే," అన్నాడు.

ఇక చూడాలి నా తిప్పలు. పుట్టీ పెట్టడం, ఆరాక రుద్దడం, గోరుతో గీరి చూడడం, మొహం మాడ్చుకోవడం. ఆరేలోగా కుదురుగా కూర్చుంటాడా, కాలుగాలిన పిల్లిలా గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరుగుడు. ఆరిన పుట్టీ కుంగుతుంది, సన్నటి గీత మళ్లీ తేలుతుంది. తినే కంచంలో ప్లాస్టిక్ పొడి, పడుకునే దుప్పట్లో ప్లాస్టిక్ పొడి. రెండో రెక్క ఇంకా ముక్కలన్నీ అంటుకుని వచ్చిన ప్లాస్టిక్ చట్రంలోనే ఉంది. ఇది తేలేదాకా దాన్ని ముట్టనని మంకుపట్టు. నాకు ఒళ్లు మండేది. పైకి మంటే గానీ లోపలంతా భయం. ఈ మనిషికి ఆ పని తప్ప ఇంకోటి రాదు.

ఇవాళ ఆయన స్నానానికి వెళ్లగానే ఇక ఉండబట్టలేకపోయాను. గోళ్ల కత్తెరతో రెండో రెక్కను చట్రంలోంచి కత్తిరించి, జిగురు లేకుండా ఊరికే ఆనించి చూశాను. అక్కడా అదే సందు. వెళ్లి స్నానాల గది తలుపు బాదాను.

"ఏమండీ, రండిటు. ఈ పక్కా అంతే ఉంది. ఆ కంపెనీ వాళ్ల అచ్చే వంకర. మీ చేతి తప్పేం లేదు."

తల కూడా తుడుచుకోకుండా వచ్చాడు. రెక్క ఆనించాడు, తీశాడు, మళ్లీ ఆనించాడు. సంతోషిస్తాడనుకుంటే కుర్చీలో కూలబడ్డాడు.

"నువ్వు ముందు ఆనించి చూశావు. నేను చూడకుండానే అతికించేశాను."

"ఇప్పుడదేం పెద్ద విషయమని?"

"ఆవిడ సెట్టూ అంతే చేశాను. పెట్టీ పెట్టగానే బాగుందని పంపేశాను. కొరికి చూడమనలేదు, కాసేపు మాట్లాడించలేదు. ఇన్నేళ్లుగా చేస్తున్నానన్న ధీమా. చెయ్యి నిక్షేపంగానే ఉంది. నాకే ఒళ్లు పొగరెక్కింది."

లేచి చొక్కా వేసుకున్నాడు. గుమ్మంలో ఆగి, "ఆవిడ లోపలికి రానిస్తుందంటావా?" అన్నాడు.

"రానివ్వకపోతే అరుగు మీద కూర్చోండి. ఇన్నాళ్లూ ఇక్కడ కూర్చోలేదూ," అన్నాను.

ఆయన వెళ్లాక నేను కిటికీ దగ్గరికీ గుమ్మం దగ్గరికీ తిరగడం మొదలుపెట్టాను. పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు. చివరికి ఫోన్ మోగింది.

"మళ్లీ నా చేత నోరు చూపించుకుంది," అన్నాడు. "సెట్టు తీసుకుని దుకాణానికే వెళ్తున్నాను. భోజనానికి ఎదురుచూడకు."

ఫోన్ పెట్టేసి బల్ల దగ్గర కూర్చుని తనివితీరా ఏడ్చాను. కళ్లు తుడుచుకుని చూస్తే, నేను కత్తిరించిన రెక్క అంచున చిన్న పెచ్చు మిగిలి ఉంది. ఆయన చూస్తే ఊరుకోడు. గరుకు కాగితం అందుకున్నాను.