పసుపు మొదలు మీద గొడ్డలి

మా ఇప్పచెట్టు రోడ్డు కింద పోతుందని నాకు మొదట చెప్పింది మా ఆడబిడ్డ. తోంగ్‌పాల్ సంత నుంచి వచ్చి, నెత్తి మీది గంప దించకుండానే అంది: "వదినా, చెట్టు మీద నంబరు ఏసిన్రు. అమ్మకు నువ్వే చెప్పు. నాతోని గాదు."

ఆ చెట్టు మా అత్తది. కాపురానికొచ్చిన ఏడు మామ ఆమెకు చూపించిన చెట్టట. దాని పువ్వు మందంగా, తియ్యగా ఉండేది. ఏటా మొదటి పువ్వు ఏరే ముందు అత్త చెట్టు మొదలుకు పసుపు రాసేది. అక్కడ ఇనుము తగలనిచ్చేది కాదు.

గింజ వేస్తే మొక్క వస్తుంది గానీ అదే తీపి వస్తుందన్న నమ్మకం లేదు. నేను సర్కారు నర్సరీలో కూలికి పోతాను. నంబరు సంగతి చెప్పి, కొమ్మ నాటి అదే చెట్టును మళ్లీ తెస్తానని అత్తకు మాటిచ్చాను.

వానలు పడగానే బాగా పూసే పైకొమ్మలు కోసి, వేర్లు పుట్టించే పొడి అద్ది, కడిగిన ఇసుకలో గుచ్చి, పాలిథీన్ కప్పాను. ఇరవై రోజులకు చిగుళ్లు వచ్చాయి.

"బతికింది బిడ్డా! సూడు, కండ్లు తెరిసింది," అని అత్త ఇంటింటికీ బెల్లం పంచింది.

పది రోజుల్లో చిగుళ్లు వాలిపోయాయి. పీకి చూస్తే అడుగున తెల్లటి బుడిపె ఉంది, వేరు లేదు. కొమ్మలో దాచుకున్న బలంతోనే చిగురు వేసి, అది అయిపోగానే ఎండింది. మరుసటి ఏడూ అంతే.

ఎందుకిలా అవుతుందో నర్సరీలో మొక్కలు చూసే మాలీ మొదటి ఏడే చెప్పాడు. "దీదీ, పైకొమ్మ బుడ్ఢీ, ముసల్ది. మొదట్ల గాటు పెట్టు. ఆడ లేచే పిలకలు బచ్చాలు. వేరు గవ్వే పడ్తయ్." పసుపు రాసే చోట గాటు పెడదామని అత్తతో ఎలా అనను? నేను చెప్పలేదు.

రెండోసారి కొమ్మలు ఎండాక చెప్పేశాను. అప్పటికే ఆమెకు ఆయాసం ముదిరింది.

"రెండేండ్లు కడుపుల దాసుకున్నవా? దొంగదానా!" అని నవ్వి, దగ్గి, "గొడ్డలి తే," అంది.

మొదలుకు పసుపు రాసింది. "కోపం జేయకు తల్లీ. నిన్ను ఇడవలేకనే," అంటూ తానే గాటు పెట్టింది. గొడ్డలి బరువు ఆగకపోతే మణికట్టు నేను పట్టుకున్నాను. మూడు గాట్లు. ఆ తర్వాత ఆమె ఆ నీడన కూర్చోలేదు.

"గాయం జేసి నీడ అడగాలా?" అనేది.

పిలకలు వేలెడు పొడవు కాకముందే అత్త పోయింది.

మళ్లీ వానాకాలం రాగానే ఆ పిలకలు కోసి, ఆకులు సగానికి కత్తిరించి, ఇసుకలో పెట్టాను. చాలావరకు కుళ్లాయి. ఒక్కదాన్ని మెల్లగా లేపి చూస్తే, ఇసుక రాలి తెల్లటి దారాల్లాంటి వేర్లు కనిపించాయి. "అత్తా!" అని గట్టిగా కేకేశాను. ఆమె లేదన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

రోడ్డువాళ్లు అన్నాళ్లు ఆలస్యం చేసినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. మాలీకీ పెట్టుకున్నాను. ఆ చలికాలమే చెట్టు పడింది. మొక్క ఇప్పుడు మా పెరట్లో నా నడుమంత ఉంది. పూత పట్టడానికి ఇంకా ఏళ్లు కావాలి. మాలీ మాట నేను మొదటి ఏడే అత్తకు చెప్పి ఉంటే, ఆ వేరును ఆమె తన చేత్తో తడిమి చూసేది.

చదివిన మీకు ఎప్పుడైనా ఇప్పపువ్వు వాసన తగిలితే, మా అత్తను ఒక్కసారి తలుచుకోండి.