యాత్ర బండికి అత్త కుట్టిన ముసుగు

నేను కోడలిగా కర్నూలుకు వచ్చిన మరుసటి ఏడు మా మామ ఒక పాత వ్యాను కొన్నాడు. రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయి ఉంటుంది. ఆయనది గోనె సంచుల అంగడి. ముప్పై ఏళ్లు ఆ అంగడి విడిచి ఎక్కడికీ కదలని మనిషికి, అరవై దాటాక అత్తను తీర్థాలు తిప్పాలన్న కోరిక పుట్టింది. అత్తకేమో బయటి కూడు సయించదు, సత్రాల్లో నిద్ర పట్టదు. అందుకని వ్యానులో సీట్లన్నీ పీకించి, పడుకోవడానికి రెండు చెక్క బల్లలు, గ్యాసు పొయ్యికి ఒక గట్టు, గిన్నెలకు ప్లైవుడ్ అలమర చేయించాడు. ఇంట్లో అందరం దాన్ని యాత్ర బండి అనేవాళ్లం.

మొదటి ప్రయాణం ఒంటిమిట్ట తిరునాళ్లకు. అయిదు రోజులు ఆ బండిలోనే వండుకుని, ఆ బండిలోనే పడుకున్నాం. అత్త అంత హాయిగా నవ్వడం నేను అప్పుడే చూశాను. తిరిగొచ్చాక తెలిసింది అసలు చిక్కు. ఏడాదిలో బండి తిరిగేది ఇరవై రోజులు. మిగతా కాలమంతా ఊరి అంచున కల్లూరులో మా కొత్తింటి పక్కనున్న ఖాళీ జాగాలో, ఎండకూ వానకూ నిలబడాల్సిందే. షెడ్డు వేయించే స్తోమత ఇల్లు కట్టడంతోనే అయిపోయింది.

ఉపాయం చెప్పింది నేనే. డిగ్రీ చదివినదాన్నని ఆ రోజుల్లో నాకు కాస్త గర్వం. నీలం ప్లాస్టిక్ పట్ట తెప్పించి, చక్రాల దాకా దించి, చుట్టూ తాళ్లతో బిగించి మూట కట్టించాను. అత్త కాసేపు చూసి, "ఊపిరాడకుండా కట్టినామేమో పాపా" అంది. బండికి ఊపిరేమిటని నవ్వాను.

వానాకాలమంతా దాని జోలికి పోలేదు. దసరా దాటాక పట్ట విప్పి తలుపు తీస్తే ముక్కిన కంపు గుప్పున కొట్టింది. పరుపుల నిండా బూజు. ప్లైవుడ్ ఉబ్బిపోయి అలమర తలుపులు తెరుచుకోలేదు. కిటికీల చుట్టూ తుప్పు. ఎలుకలు వైర్లు కొరికేశాయి. మామ మెట్టు మీద కూలబడ్డాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అత్త నన్ను ఒక్క మాట అనలేదు. పక్క వీధిలో ఉండే లారీ మెకానిక్కును పిలిపించింది. ఆయన బండి కింద దూరి, పైకెక్కి, అంతా తడిమి చూసి, లోపలికి వాన చుక్క కూడా రాలేదని తేల్చాడు. "నేల్లోంచి తేమ లేస్తాది, పైన ప్లాస్టికు పోనీదు అక్కా. ఎండకు లోపలంతా ఉడికిపోయింది. గాలి ఆడాల" అన్నాడు.

అమ్మేద్దామని మామ తీర్మానించాడు. అత్త మాత్రం, "అమ్మాలంటే ఎప్పుడైనా అమ్మొచ్చు. ఒక్క ఏడు నాకు వదిలిపెట్టు" అంది. ఆమె మామను ఏదైనా గట్టిగా అడగడం నేను వినడం అదే మొదలు.

మర్నాటి నుంచి పని. ఇల్లు కట్టగా మిగిలిన బేతంచెర్ల బండలు బండి నిలిచే చోట పరిపించింది, నేల తేమ పైకి రాకుండా. మెకానిక్కు జాకీతో బండి లేపి, ఇరుసుల కింద బండలు పేర్చి, టైర్ల మీద బరువు తీసేశాడు. బ్యాటరీ, పరుపులు ఇంట్లోకి చేరాయి. పొగ గొట్టంలో గుడ్డ ఉండ కుక్కింది. కిటికీలు రెండు వేళ్ల సందు తెరిచి, ఎలుక దూరకుండా ఇనుప జాలి కొట్టించింది.

ఆ తర్వాత ముసుగు కుట్టడానికి కూర్చుంది. అంగడి నుంచి గోనె గుడ్డ తానులు వచ్చాయి. గోనె నేరుగా తగిలితే రంగు గీసుకుపోతుందని, లోపలి వైపు తన పాత నూలు చీరలు వేసి కుట్టింది. దబ్బనంతో, పురికొసతో, కొలతలన్నీ మూరతోనే. నేను గుడ్డ అంచు పట్టుకుని కూర్చునేదాన్ని. వేళ్లు బొబ్బలెక్కితే పేలిక చుట్టుకుని మళ్లీ కుట్టేది. నెలన్నర పట్టింది. ముసుగు తొడిగాక, దానికి తగలకుండా పైన వెదురు బొంగులతో పందిరి కట్టించి, నేను తెప్పించిన నీలం పట్టనే దాని మీద వాలుగా పరిపించింది. పారేస్తుందనుకున్న పట్ట అది.

ఆ సాయంత్రం ఆమె పక్కన కూర్చుని, తప్పంతా నాదే అత్తా అన్నాను. ఆమె వేళ్లకు చుట్టిన పేలిక విప్పుతూ, "ఆ పొద్దు నాకూ ఖాయంగా తెలీదు. తెల్సింటే కట్టనిచ్చేదాన్నా?" అంది. అంతకు మించి ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

ప్రతి శుక్రవారం ఒక పక్క ముసుగు ఎత్తి, తలుపు తీసి, లోపల అరచెయ్యి ఆనించి చూసేది. వీధిలో వాళ్లు బండికి ఘోషా పెట్టినారని ఎగతాళి చేశారు. ఆమె కూడా నవ్వేది.

మరుసటి ఎండాకాలం, ఒక మధ్యాహ్నం, పడమటి వైపు నుంచి ఎర్రటి దుమ్ము లేచింది. వెనకే గాలివాన. ఎవరిదో రేకు మా గోడ మీదుగా ఎగిరిపోయింది. పందిరి మీది పట్ట ఉబ్బి, బొంగులు కిర్రుమంటున్నాయి. అత్త అప్పటికే వానలో ఉంది. నేనూ పరిగెత్తి తాడు బిగించబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "బిగించొద్దు. ఆ పక్క ముడి లాగెయ్, గాలి పోనీ" అంది. ఒక్క లాగుకు ఊడే ముడులు వేసి పెట్టిందని అప్పుడు తెలిసింది. పట్ట ఒక పక్కకు ఒరిగి వేలాడింది. పందిరి నిలిచింది. వాన తగ్గాక ముసుగు ఎత్తి లోపల చూశాం. గోనె తడిసినా బల్లలు పొడిగా ఉన్నాయి.

ఎగిరిన రేకులు మెకానిక్కు ఇంటివి. కాన్పుకు వచ్చిన ఆయన కూతురు పది రోజుల బాలింత. పసిబిడ్డను కొంగులో దాచుకుని, ఒక గోడ వారన నిలబడి ఉందట. అత్త గొడుగు తీసుకుని తనే వెళ్లి ఇద్దరినీ తీసుకొచ్చింది. ఇంట్లో పడుకోమంటే ఆ పిల్ల మొహమాటపడింది. దాంతో బండిలో పరుపు వేయించి, గట్టు మీద పొయ్యి పెట్టించింది. రేకులు మళ్లీ వేసేదాకా పన్నెండు రోజులు తల్లీబిడ్డలు అందులోనే ఉన్నారు. రెండో రోజు మెకానిక్కు వచ్చి తలుపు దగ్గర నిలబడి చాలాసేపు లోపలికి చూశాడు. "మా ఇల్లు కూడా ఇంత పొడిగా ఎప్పుడూ లేదక్కా" అన్నాడు. మామ అమ్మకం మాట మళ్లీ తేలేదు. ఆ బండి ఇంకో ఏడేళ్లు తిరిగింది.

తర్వాత తర్వాత ముసుగు కుట్టించుకోవడానికి అత్తను వెతుక్కుంటూ జనం రావడం మొదలైంది. కారు కొన్నవాళ్లు, జీపున్నవాళ్లు. బనగానపల్లె నుంచి ఒక మామిడి వ్యాపారి కూడా వచ్చాడు. ఎవరొచ్చినా ఆమె ముందు బండిని చూసేది కాదు. అది నిలిచే నేల చూపించమనేది. ఆ వ్యాపారి జీపుకు కుట్టేటప్పుడు, మూలలు నన్ను కుట్టమంది. మూల కుట్టడమే కష్టం, ఎండకు ముందు పిగిలేది అక్కడే. నేను కుట్టిన మొదటి మూల వేలితో లాగి చూసి విప్పేసింది. మళ్లీ కుడితే, రెండోసారీ అంతే. మూడోసారి కుట్టినదాన్ని రెండు చేతులతో గట్టిగా గుంజి చూసి, విప్పకుండా గుడ్డ నా వైపు తిప్పి, రెండో మూల నా ముందు పెట్టింది.