ఒక్క కాజా మిగిలింది సార్

మా టైలర్ భాయ్ పోయాడన్న వార్త నాకు బస్సులో తెలిసింది. నేను గూడూరు, వాకాడు మధ్య తిరిగే బస్సులో కండక్టర్‌ని. శుక్రవారం పొద్దున రెండో ట్రిప్పులో మా ఊరి స్టాపు ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా ఒక పెద్దాయన ఎక్కి, చిల్లర నా చేతిలో పెడుతూ, "టైలర్ సాయిబు పొయినాడంట గదా, తెల్లారి నమాజుకి లేచి అట్నే కూలబడినాడంట" అన్నాడు.

మంచి మనిషి గురించి రాస్తూ అబద్ధం చెప్పకూడదు. ఆ మాట వినగానే నా మనసులోకి మొదట వచ్చింది దుఃఖం కాదు, నా ప్యాంటు. పన్నెండు రోజులుగా అది ఆయన కొట్లోనే ఉంది. సిగ్గుపడుతూ తలెత్తి చూస్తే బస్సులో సగం మంది మొహాలు నా మొహంలాగే ఉన్నాయి. ఒకామె పైకే అనేసింది, "మా పిల్లల యూనిఫాం గుడ్డలు ఆయన కాడే ఉండాయే" అని. అని నాలుక కరుచుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ తరువాతే మాకందరికీ ఏడుపొచ్చింది.

ఆయన కొట్టు మా బస్టాపు పక్కన ఒక రేకుల గది. దాని వెనకే ఇల్లు. కొట్లో ఒక తొక్కుడు మిషను, ఒక ఇస్త్రీ బల్ల. ఆయన మెడలో టేపు, కాడ విరిగిన కళ్ళద్దాలకు కట్టుకున్న నల్లదారం. నాకు తెలిసిన ముప్పై ఏళ్ళలో ఆయన ఒక్క బట్ట కూడా చెప్పిన రోజుకు ఇవ్వలేదు. మీ ఊళ్ళోనూ అలాంటి టైలర్ ఉండే ఉంటాడు కాబట్టి నేను ఎక్కువ వివరించక్కర్లేదు. ఎప్పుడు వెళ్ళినా ఒకటే మాట. "అయిపొయింది సార్. కాజాలు ఒక్కటే మిగిలినాయి."

మాది చర్చికి వెళ్ళే కుటుంబం. మా క్రిస్మస్ బట్టలు పండగ ముందురోజు సాయంత్రం, పాటలు పాడేవాళ్ళు వీధి మలుపు తిరిగే వేళకి చేతికొచ్చేవి. ఒక ఏడాది నా చొక్కాకు నిజంగానే గుండీలు పట్టే కాజాలు కుట్టడం మిగిలిపోయింది. పిన్నీసులు పెట్టుకుని ఆరాధనకు వెళ్ళాను. ప్రార్థనలో మోకరించి వంగినప్పుడు ఒకటి విడిపోయి పొట్టలో దిగింది. నా కళ్ళలో నీళ్ళు చూసి పాస్టర్ గారు ఆ తరువాత ఎంతో మెచ్చుకున్నారు. ఈ సంగతి భాయ్‌కి చెప్పి పోట్లాడదామని వెళితే, ఆయన మిషను ఆపి, కళ్ళద్దాలు తీసి, కడుపు పట్టుకుని నవ్వి, "నా వల్ల మీకు మంచి పేరే వచ్చినాది సార్" అన్నాడు.

ఆయనకు ఇంకో అలవాటు ఉంది. పిల్లలకు కొలత తీసేటప్పుడు నోటితో ఒక అంకె చెప్పేవాడు, మనసులో ఇంకో అంకె వేసుకునేవాడు. ప్యాంటు అంచు లోపలికి నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి కుట్టేవాడు. నడుం దగ్గర ఇంకో రెండు వేళ్ళు. పిల్లవాడు పెరిగే కొద్దీ కుట్లు విప్పి, ఆ మడత కిందికి దించి, మళ్ళీ కుట్టిచ్చేవాడు. మా ఊరి పిల్లలంతా ఏడాది మొదట్లో గోనెసంచిలో దిగినట్టు ఉండి, ఏడాది చివరికి మనుషుల్లా కనిపించేవాళ్ళు.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. మావాడు ఆరో తరగతిలో ఉన్నప్పుడు వాడి ప్యాంటు అంచులు లావుగా, బరువుగా వేలాడుతుంటే చూడలేక, గూడూరులో ఒక కొట్టుకు తీసుకుపోయి ఆ మడతలన్నీ కత్తిరించి పారేయించాను. ప్యాంటు చక్కగా కుదిరింది. సరిగ్గా మూడు నెలలు. ఆ ఎండాకాలం సెలవుల్లో వాడు ఏం తిన్నాడో ఏమో, బడి తెరిచేసరికి ప్యాంటు పిక్కల దగ్గరికి వచ్చేసింది. తప్పు చేసినవాడిలా దాన్ని పట్టుకుని భాయ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన అంచు తిరగేసి చూసి, "గూడూరు కత్తెర మంచి పదును సార్" అన్నాడు. ఆ అంచు మీద టేపు పెట్టి చూశాడు. తరువాత, "కోసి పారేసిన గుడ్డ నేను యాడనుంచి తెచ్చేది? వాడు పెరగతాడని నాకు నమ్మకం ఉండాది, మీకే లేకపోయె" అన్నాడు.

వేరే గుడ్డ తెచ్చి పట్టీ వేశాడు. రంగు కలవలేదు. ఆ ఏడాదంతా మావాడు రెండు రంగుల ప్యాంటుతో బడికి వెళ్ళాడు. అది కొత్త ఫ్యాషన్ అనుకుని ఇంకో ఇద్దరు పిల్లలు అలాంటి పట్టీ కావాలని ఇంట్లో ఏడ్చారట. నాకు మాత్రం ఆ పట్టీ కనపడినప్పుడల్లా తల దించుకోవాల్సి వచ్చేది.

మావాడి గురించి కూడా చెప్పాలి. ఇప్పుడు వాడికి పదహారు. పెరుగు ప్యాకెట్టు తెమ్మంటే తెచ్చి, బీరువాలో పెట్టి, బీరువా తాళంచెవి ఫ్రిజ్‌లో పెట్టే రకం. వాడు పోగొట్టుకున్న చెప్పుల లెక్క తీస్తే ఒక వీధికి సరిపోతాయి. సాయంత్రమైతే ఇంట్లో ఉండడు. అడిగితే "భాయ్ తాత కొట్టుకాడ" అంటాడు. బస్టాపు పక్కన కూర్చుని వచ్చేపోయే బస్సులు చూస్తున్నాడనుకున్నాను. పదో తరగతి ఎలాగో గట్టెక్కాడు. వీణ్ణి ఇంట్లో ఉంచితే చేతికి రాడని, నెల్లూరులో గట్టిగా చదివించే ఒక హాస్టల్ కాలేజీ ఫారం తెచ్చి నింపేశాను. అందులో పిల్లవాడి స్వభావం గురించి తండ్రి అభిప్రాయం రాయమని ఒక గడి ఉంది. "బాధ్యత బొత్తిగా లేదు. గట్టిగా చూసుకోగలరు" అని రాశాను.

మావాడు ఒక్కసారే అన్నాడు. "నేను ఈడే ఉండి కాలేజీకి పొయ్యొస్తా నాన్నా." నేను వాడి కాళ్ళకేసి చూశాను. ఆ రోజు కూడా ఒక కాలికే చెప్పు ఉంది. మాట అక్కడితో ఆగిపోయింది.

నెల్లూరు పోయి ఫారం ఇవ్వడానికి మంచి ప్యాంటు ఒకటి కావాలని భాయ్‌కి గుడ్డ ఇచ్చాను. మావాడికీ ఒకటి కుట్టమన్నాను. ఆయన సంగతి అడిగి తెలుసుకుని టేపు మెడలో వేసుకున్నాడు. "ఫారానికి గడువు ఎప్పటిదాకా సార్?"

"బడి తెరిచే ముందురోజు దాకా."

"బోలెడు రోజులు. ఈ పిల్లోణ్ణి ఇప్పుడే కత్తిరించబాకండి సార్. లోపల ఇంకా గుడ్డ ఉండాది."

"ఆ గుడ్డ ఎప్పుడు బయటికి వస్తుంది భాయ్?"

"అక్కర పడినప్పుడు. ఊరికే విప్పితే దారం దండగ."

అప్పటినుంచి రోజూ ట్రిప్పు అయ్యాక కొట్టు ముందు నిలబడడం, ఆయన "అయిపొయింది సార్, కాజా మిగిలింది" అనడం. పన్నెండు రోజులు. పదమూడో రోజు ఆయన లేడు.

నేను డ్యూటీ దిగి వచ్చేసరికి మావాడు ఆ ఇంటి ముందు కుర్చీలు వేస్తున్నాడు. పొద్దుటినుంచి అక్కడే ఉన్నాడట. సాయంత్రం ఖననం అయ్యాక కూడా ఇంటికి రాలేదు. నేను అడగలేదు.

అసలు గోల సోమవారం మొదలైంది. బడి బుధవారం తెరుస్తారు. ముప్పై నాలుగు జతల యూనిఫాంలు కొట్లో ఉన్నాయి. అన్నిటిదీ ఒకటే గుడ్డ, ఒకటే రంగు. ఏది ఎవరిదో భాయ్ ఏనాడూ కాగితం మీద రాయలేదు, అంతా ఆయన తలలోనే ఉండేది. తల్లిదండ్రులు ఇంటి ముందు గుమిగూడారు. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పైచిలుకు పరాయి మగవాళ్ళ ముందుకు రాకూడదని వాళ్ళ ఆచారం. అందుకని భాయ్ భార్య కర్టెన్ వెనక ఉంది. నాయుడుపేటలో ఉన్న కూతురు వచ్చి ఆమెను పట్టుకుని కూర్చుంది. గుమ్మంలో మావాడు నిలబడ్డాడు.

రొయ్యల గుంటలున్న ఇంటావిడ గట్టిగా అంటోంది, "అన్నీ ఒకటే గుడ్డ గదా, తలా ఒక జత తీసుకుంటే పోద్ది." అలా తీసుకుంటే రెండో తరగతి పిల్ల పదో తరగతి పిల్లవాడి ప్యాంటులో తేలుతుంది. నేను టికెట్లు లేనివాళ్ళ మీద వాడే గొంతు సవరించుకుని ముందుకు వచ్చాను.

మావాడు నన్ను చూసి, "నాన్నా, నువ్వు ఇంటికి పో" అన్నాడు.

గట్టిగా అనలేదు. తరువాత అందరి వైపు తిరిగాడు. "అక్కా, అన్నా, ఎవురిది ఏదో నాకు తెలుసు. కొన్నిటికి పని మిగిలింది. రేపు సాయంత్రానికి ఎవురింటికి వాళ్ళయి నేనే తెచ్చిస్తా. అవ్వ లోపల ఉండాది, గట్టిగా మాట్లాడబాకండి."

రొయ్యల గుంటావిడ ఒక నిమిషం వాణ్ణి ఎగాదిగా చూసి, "సరే అబ్బయ్యా" అని చెప్పులు వేసుకుంది. ఆమె వెనకే అందరూ కదిలారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎంతమందిని బస్సు దిగమన్నానో నాకు లెక్కలేదు. నన్ను దిగమన్నవాడు లేడు. నేను ఇంటికి వెళ్ళిపోయాను. దారిలో నాకు కోపం రావాలి కదా అని ఎదురు చూశాను. రాలేదు. దానికి బదులు ఏదో గర్వం, టికెట్టు లేకుండా ఎక్కినవాడిలా, ఇల్లు చేరినా దిగలేదు.

మంగళవారం సెలవు పెట్టాను. ఫారానికి ఆఖరి రోజు. ఇవ్వాలో వద్దో తేల్చుకోలేక బ్యాగు తెరిచాను. ఫారం లేదు. కొట్టుకు వెళితే అది మిషను బల్ల మీద, కత్తెర కింద కనిపించింది. వెనకవైపు మావాడి చేతిరాతతో ముప్పై నాలుగు పేర్లు. పక్కనే దారం రంగు, ముళ్ళు. "ఎర్ర దారం, మూడు ముళ్ళు, రొయ్యల గుంట అక్క పాప. ముందు ఇది." చదివి, కాగితం తిప్పి, ఇవతలవైపు నా చేతిరాత చదివాను. మళ్ళీ తిప్పాను. రెండు వైపులా రెండేసిసార్లు చదివి ఉంటాను.

మావాడు మూలన కూర్చుని కాజా కుడుతున్నాడు. వేళ్ళు ఆగకుండా, చూపు ఎత్తకుండా, భాయ్ కుట్టినట్టే. రెండేళ్ళుగా సాయంత్రాలు వాడు చూసింది బస్సులు కాదు.

"కాయితం కావాల్సి వచ్చింది నాన్నా. నీ బ్యాగులో ఒకటి వెనక ఖాళీగా కనిపించినాది."

"ముందువైపు చదివినావా?"

"చదివినా."

"మరి?"

"నిజమే గదా. తర్వాత మాట్లాడుకుందాం, ఈ నాలుగు కాజాలు అయిపోనీ."

ఒక్కో జతకు భాయ్ కట్టి ఉంచిన ఆ దారాల సంగతి అడిగాను. రంగు చూస్తే వీధి తెలుస్తుందట. ముళ్ళు చూస్తే మనిషి తెలుస్తాడట. ఒక ముడి అంటే ఎన్నిసార్లు తిప్పినా నవ్వుతూ పోయేవాళ్ళు. రెండు ముళ్ళంటే గొణిగేవాళ్ళు. మూడు ముళ్ళంటే అరిచేవాళ్ళు, వాళ్ళవి ముందు కుట్టేయాలి. ఇది ఊళ్ళో ఎవరికీ చెప్పకూడదని, చెబితే తాతకు చెడ్డపేరని నా చేత మాట తీసుకున్నాడు. ఇప్పుడు ఆ మాట నేను తప్పుతున్నాను, ఊరివాళ్ళు పెద్దమనసుతో క్షమించాలి. మా ఇంటికి ఎన్ని ముళ్ళో మీరే ఊహించుకోండి.

చీకటి పడేలోగా సైకిలు మీద ముప్పై నాలుగు జతలూ ఇళ్ళకు చేరాయి. ఒక్కటీ తారుమారు కాలేదు. మావాడు చివరగా మా ఇంటికి వచ్చి రెండు ప్యాంట్లు నా ఒళ్ళో పెట్టాడు. "ఇవి తాతే కుట్టినాడు. నేను చెయ్యి పెట్టలా" అన్నాడు.

నా ప్యాంటు విప్పి చూశాను. ఇస్త్రీ చేసి మడిచిన గీతలు గట్టిపడి ఉన్నాయి, చేసి చాలా రోజులైనట్టు. కాజా కుట్టి ఉంది, గుండీ కూడా పెట్టి ఉంది. అప్పుడు నాకు తట్టింది. చొక్కాకైతే ఆరేడు కాజాలుంటాయి. ప్యాంటుకు ఉండేదే ఒక్క కాజా. ఆ ఒక్క కాజా కోసం ఆయన నన్ను పన్నెండు రోజులు తిప్పాడు, నేను తిరిగాను. ప్యాంటు చేతికొస్తే నేను నెల్లూరు బస్సు ఎక్కుతానని ఆయనకు తెలుసు.

మావాడి ప్యాంటు అంచు తిరగేశాను. అలవాటుగా నాలుగు వేళ్ళు పెట్టి చూశాను. మడత ఒక్క వేలు వెడల్పే ఉంది. పదేళ్ళలో మొదటిసారి భాయ్ వాడికి సరిపడా కుట్టాడు. వాడు వేసుకుని వచ్చి నిలబడ్డాడు. ఎక్కడా ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆ కాళ్ళకు రెండు చెప్పులూ ఉన్నాయి.

నాది కూడా తిరగేశాను. పెద్దవాళ్ళకు అంచులో రెండు వేళ్ళు వదలడం మామూలే. నాకు నాలుగు వదిలాడు, పెరిగే పిల్లలకు వదిలినట్టు. నడుం దగ్గరైతే పొట్ట కోసం అనుకునేవాణ్ణి. నడుం దగ్గర ఏమీ వదల్లేదు, కాళ్ళ దగ్గర వదిలాడు, నలభై ఎనిమిదేళ్ళ మనిషికి.

మావాడు ఈ నెల నుంచి ఇక్కడి కాలేజీకి నా బస్సులోనే వెళుతున్నాడు. నేను ఆ ప్యాంటే వేసుకుని డ్యూటీకి వెళుతున్నాను. భాయ్ కొట్టు దగ్గర స్టాపులో దిగి మళ్ళీ ఫుట్‌బోర్డు ఎక్కేటప్పుడు, ఆ అంచు బరువుగా మడమకు తగులుతూ ఉంటుంది.