నా మౌనం, మామ్మ సుట్ట

ముందే చెప్పేస్తున్నాను. ఇది నేను నోరు తెరవకుండానే చర్చి మొత్తాన్ని మోసం చేసిన కథ. నోరు తెరిచి మోసం చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మూసుకుని చేయాలంటే నాలాంటి పిరికిది కావాలి. ఇందులో నా పరువు పోయింది, ఒక ముసలావిడ ప్రాణంలాంటి అలవాటు కొన్నాళ్ళు పోయింది. నా డైరీలో ఇది ఆరు పేజీలు ఉంది. అందులో నాలుగు నన్ను నేను వెనకేసుకురావడానికే సరిపోయాయి కాబట్టి అవి వదిలేసి చెబుతాను.

అనకాపల్లిలో మా చర్చికి ఒక పద్ధతి ఉంది. ఈస్టరుకి ముందు నలభై రోజుల ఉపవాస కాలం, అంటే లెంటు, మొదలయ్యే భస్మ బుధవారం నాడు పాస్టరుగారు తలా ఒక చీటీ ఇస్తారు. ఈ నలభై రోజులూ ఏం మానుకుంటామో దాని మీద రాసి, మడిచి, బల్ల మీదున్న చెక్కపెట్టెలో వేయాలి. రాసింది ఎవరికీ చెప్పకూడదు, చెబితే చెల్లదు. మా అమ్మ ఏటా కాఫీ అని రాస్తుంది. ఆవిడ చెప్పకపోయినా రెండో రోజుకల్లా ఆవిడ తలనొప్పి చెప్పేస్తుంది.

ఆ ఏడు భస్మ బుధవారం పొద్దున్నే పాస్టరమ్మగారు వాట్సాప్ గ్రూపులో ఒక లిస్టు పెట్టారు. లెంటులో రోజుకొక ఇంట్లో ప్రార్థన కూడిక. ప్రతి కూడికలో మా ఈడువాళ్ళు ఒకరు వాక్యం చదివి, దాని మీద తమ ఆలోచన చెప్పాలి. రెండో వారంలో నా పేరు ఉంది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో కూర్చుని పోటీ పరీక్షలకు చదువుతున్నాను. డైరీలో నా అంత వాగుడుకాయ లేదు. నలుగురి ముందు మాత్రం నా గొంతు కశింకోట షేర్ ఆటోలో చివర ఎక్కిన మనిషిలా సగం లోపల, సగం బయట వేలాడుతుంది.

చీటీ చేతికి రాగానే బుర్రలో దీపం వెలిగింది. "మాటలు" అని రాసి పెట్టెలో వేశాను. నలభై రోజుల మౌనం. చూశారా నా భక్తి. నాకు ఎలాగూ అక్కర్లేనిదాన్ని దేవుడికి సమర్పించి, కూడికలో చదివే గండం నుంచి తప్పించుకున్నాను. వాడిపోయిన వంకాయలు పక్కింటికి పంపించి దాత అనిపించుకునే మనిషి కూడా నన్ను చూసి సిగ్గుపడాలి.

మా ఇంట్లో నాలుగు రోజులదాకా ఎవరూ గమనించలేదు. ఐదో రోజు అమ్మ దోసె వేస్తూ నా వైపు పరీక్షగా చూసింది.

"చట్నీ వెయ్యనా?"

తలూపాను.

"ఇంకో దోసె?"

తలూపాను.

"చీటీ సంగతా?"

కదలకుండా కూర్చున్నాను.

"బాగుంది. సులువైనదే ఎంచుకున్నావు" అని దోసె తిరగేసింది. ఆ మాట ఆ రోజే నా చెవికెక్కి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఆ ఆదివారమే అసలు ముడి పడింది. గుడ్ ఫ్రైడే ఆరాధనలో, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు లేచి మాట్లాడతారు. మా చర్చిలో ఆ ఏడుగురూ ఎప్పుడూ టీచర్లూ, రిటైరైన ఉద్యోగస్తులే. పాస్టరుగారు పేర్లు చదవబోతుంటే ఆడవాళ్ళ వైపు నుంచి ఒక చెయ్యి లేచింది. మా పక్కింటి ఎస్తేరమ్మ మామ్మది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, ఓపికున్నన్నాళ్ళూ చెరకు తోటల్లో కూలికి వెళ్ళింది. బడి ముఖం చూడలేదు.

"అయ్యగారూ, నాకూ ఒక మాట ఇయ్యండి."

"ఏ మాట కావాలమ్మా?"

"ఐదోది. దప్పికన్నాడు కదా ఆయన, అది. ఏటా ఇంటన్నాను. ఎవులూ నాననుకున్నట్టు సెప్పలేదు."

ముందు వరుసలో కూర్చునే దానియేలు మాష్టారు గొంతు సవరించుకున్నారు. ఇరవై ఏళ్ళుగా ఐదో మాట ఆయనది. "చెప్పడమంటే ముందు వాక్యభాగం తప్పుల్లేకుండా ఒప్పజెప్పాలి కదండీ. చూసి చదవలేరు మరి" అన్నారు.

పాస్టరుగారు ఆలోచించారు. "గుడ్ ఫ్రైడే ముందొచ్చే మట్టల ఆదివారం నాటికి మామ్మ ఒప్పజెబితే మాట మామ్మది. లేకపోతే మాష్టారిది. నేర్పడానికి పక్కింట్లోనే కరుణ ఉందిగా. ఏమ్మా, రోజూ చదివి వినిపిస్తావా?"

కరుణ అంటే నేనే. మామ్మ ఎంత ఆశగా తిరిగి చూసిందంటే, నా మెడ నన్ను అడక్కుండానే ఊగింది.

మర్నాడు సాయంత్రం పుస్తకం పట్టుకుని మామ్మ అరుగు మీద కూర్చున్నాను. ఆవిడ నోట్లో సుట్ట. మా వైపు పెద్దవయసు ఆడవాళ్ళది అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని కాలుస్తారు. లెంటులోనైనా అది మానమని పాస్టరుగారు ఎన్నో ఏళ్ళుగా బతిమాలుతున్నారు. "నా పేనం అడగండి ఇచ్చేత్తాను, సుట్ట అడక్కండి" అనేది మామ్మ.

"సదువు పిల్లా" అంది.

నేను గొంతు చూపించి చెయ్యి అడ్డంగా ఊపాను. తర్వాత బొటనవేలు నోటి దగ్గర పెట్టి, నాలుక బయటపెట్టి, కళ్ళు తేలేశాను. నా ఉద్దేశంలో అది దప్పిక.

మామ్మ లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. తాగాను. మళ్ళీ అభినయించాను. ఈసారి మజ్జిగ తెచ్చింది. మూడోసారికి పొట్ట బిందెలా నిండిపోయి, నేర్పింది ఒక్క ముక్క లేక ఇంటికొచ్చాను.

తర్వాతి రోజు ఫోన్లో ఆ భాగాన్ని ఎవరో చదివిన ఆడియో పెట్టాను. మామ్మ కాసేపు విని ఫోనుని దూరంగా జరిపింది.

"ఈ బాబెవులో దడదడా సెప్పుకుపోతన్నాడు. ఆగమంటే ఆగడు, అడిగితే ఉలకడు. నీ గొంతుకి ఏటైనాదే?"

ఏం చెప్పను, చెబితే చీటీ చెల్లదు కదా. మళ్ళీ చెయ్యి ఊపాను. దాంతో కరుణ గొంతు పడిపోయిందని ఒక్క రోజులో సంఘమంతా పాకిపోయింది. బెల్లంలో మిరియాలు దంచి ఒకరు, కరక్కాయ ఒకరు, వేడి పాలలో పసుపు ఒకరు పట్టుకొచ్చారు. ఆరోగ్యంగా ఉన్న గొంతుకి అంత వైద్యం అనకాపల్లి చరిత్రలో జరిగి ఉండదు. లిస్టులోంచి నా పేరు తీసేశారు. అనుకున్నది సాధించాను కాబట్టి సంతోషంగా ఉండాలి. కానీ రోజూ సాయంత్రం మామ్మ చాప పరిచి నా కోసం చూసేది. నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుని, చీకటి పడ్డాక లేచి వచ్చేసేదాన్ని. ఆవిడ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆ రోజుల్లో డైరీ కూడా రాయలేదు. కాగితం ముందు కూర్చుంటే అమ్మ దోసె దగ్గర అన్న మాటే వినిపించేది.

నాలుగో వారంలో కూడిక మామ్మ ఇంట్లో పడింది. పాట అయ్యాక ప్రార్థన మనవులు చెప్పమన్నారు పాస్టరుగారు. మామ్మ గోడ పట్టుకుని లేచింది.

"మా కరుణ గొంతు కోసరం అందరూ పార్దన సెయ్యండి. నాను పన్నెండు దినాలై సుట్ట మానీసేను. ఆ పిల్ల గొంతొచ్చీదాకా ముట్టనని మొక్కుకున్నాను. దినమంతా సుట్ట కోసరం ఒకటే తిమురు, రేతిరికి నిద్దర్రాదు. అయినా పరవాలేదు. నాకు మాట రాకపోతే మాస్టారు సెప్తారు. పిల్లకి మాట రావాల."

పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను చూరు వైపు చూశాను. ఆవిడ ఎప్పుడూ సుట్టలు దోపుకునే చోట ఖాళీగా ఉంది. పన్నెండు రోజులుగా ఆవిడ పక్కనే కూర్చున్నాను. పొగ లేదని ఒక్కరోజైనా గమనించలేదు.

"మామ్మా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నా గొంతుకేం కాలేదు."

మిగతా ముక్క ఎవరూ విననేలేదు.

"స్తోత్రం" అని మొదట ఎవరన్నారో తెలీదు, పది గొంతులు అందుకున్నాయి. పాస్టరమ్మగారు నన్ను కౌగిలించుకున్నారు. "కాదండీ, మొదట్నుంచీ బాగానే ఉంది" అంటున్నాను. "మాట్లాడమ్మా, ఇంకా మాట్లాడు" అంటున్నారు. దానియేలు మాష్టారు కూడా కళ్ళు తుడుచుకుంటూ "నా కళ్ళతో చూశాను" అన్నారు. చివరికి పాస్టరుగారు నా తల మీద చెయ్యి పెట్టి, "ఆదివారం చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాలి తల్లీ" అన్నారు.

ఇరవై మంది ముందు చదవడానికి భయపడి పారిపోయినదాన్ని, రెండు వందల మంది ముందుకొచ్చి పడ్డాను.

అందరూ వెళ్ళాక మామ్మకు మొత్తం చెప్పాను. చీటీ, లిస్టు, భయం, అన్నీ. ఆవిడ ఖాళీగా ఉన్న చూరు వైపు చూసింది.

"అయితే ఇన్ని దినాలూ నాను ఊరికినే మానీసేనా?"

"నన్ను క్షమించు మామ్మా. ఇప్పుడు కాల్చుకో."

మామ్మ తల అడ్డంగా ఊపింది. "నీ గొంతు బాగున్నాదని నాకు తెలీదు గానీ ఆయనకి ఎరికే కదా. ఎరికుండీ నా మొక్కు పుచ్చుకున్నాడు. పండగదాకా ఉండనీ. నువ్వు రేపట్నించి రెండు పూట్లా రా. ఈ పాలి నీళ్ళియ్యను, సదివితేనే."

ఆదివారం నిలబడ్డాను. ఉన్నదున్నట్టు చెప్పాను. మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక వరుసలో అమ్మ నవ్వింది. ఆ పైన నవ్వని వాళ్ళు లేరు. మిరియాల బెల్లం ఇచ్చినావిడ మాత్రం డబ్బా తిరిగిచ్చెయ్యమంది.

మట్టల ఆదివారం మామ్మ ఒక్క అక్షరం తప్పకుండా ఒప్పజెప్పింది. దానియేలు మాష్టారే ముందుగా తలూపారు.

గుడ్ ఫ్రైడే నాడు ఆవిడ లేచి నిలబడింది. ఉతికిన తెల్ల చీర, చేతిలో కాగితం లేదు.

"తోటలో కూలికెల్లినప్పుడు నాను సానా దప్పికలు సూసేను. ఏ కాలవకాడో తాగీసీదాన్ని. అది దప్పిక కాదు. కావాలన్నది ఎదురుగుండా ఉండీ అందకపోతే అదీ దప్పిక. ఈ ఏడు నాకు తెలిసింది. సుట్ట కోసరం కాదు, మాట కోసరం. పుస్తకం ఒల్లో ఎట్టుకుని పిల్ల పక్కనే కూకుంది, ఒక్క ముక్క నా సెవిలో పడలేదు. అందుకే సెప్తన్నాను. దప్పికన్నోడికి మన కాడున్నది ఇయ్యాల. దాసుకోకూడదు. నమ్మకపోతే అదిగో, మా కరుణని అడగండి."

చర్చి మొత్తం నా వైపు తిరిగింది. గుడ్ ఫ్రైడే నాడు నవ్వకూడదు కాబట్టి అందరూ దగ్గారు.

ఈస్టరు ఆరాధన అయ్యీ కాకముందే మామ్మ గేటు బయట సుట్ట వెలిగించింది. పాస్టరుగారు చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోయారు.

కాబట్టి, అనకాపల్లి వాస్తవ్యురాలినైన కరుణ అను నేను, మిరియాల బెల్లం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నాకు వదిలించుకోవాలని ఉన్నదాన్ని త్యాగమని పేరుపెట్టి దేవుడి పెట్టెలో ఇంకెన్నడూ వేయను. ఈ ఏడు చీటీలో ఏం రాశానో చెబితే చెల్లదు. కానీ ఇంటింటి కూడికల లిస్టులో మొదటి పేరు నాది. మామ్మ మొదటి వరుసలో కూర్చుంటానంది, చెంబుతో నీళ్ళు పట్టుకుని.