కొమిల్లా చాచా పెట్టిన పరీక్ష

ఎడారిలో చావు అంచు దాకా వెళ్లొచ్చిన వీరగాథ చెబుతాను, వినండి. నిజానికి నేను పనిచేసే ఎడారి ఊరు అల్ ఐన్‌లో బస్టాండు దగ్గర టీ కొట్లో బ్యాగు మర్చిపోయాను, అంతే. కాకపోతే పాస్‌పోర్టు అందులోనే ఉంది, లీవుకు ఇంటికెళ్లే విమానం ఆ సాయంత్రమే.

పరుగెత్తుకొచ్చేసరికి కొట్టు నడిపే బంగ్లాదేశ్ చాచా బ్యాగు దాచి ఉంచాడు, కానీ ఇవ్వలేదు. పాస్‌పోర్టు ఫోటోలోని గడ్డంలేని కుర్రాణ్ణీ గడ్డం పెరిగిన నన్నూ మార్చిమార్చి చూసి, "యే తుమ్ నహీ" అంటూ అది నేను కాదని తేల్చేశాడు. బ్యాగులోంచి అమ్మ ఎప్పుడో రాసిచ్చిన తెలుగు చీటీ తీసి, "పఢో భాయ్" అని నన్నే చదవమన్నాడు.

"వేళకు తిను. తలకు నూనె రాసుకో. ఎవరితోనూ వాదించకు."

ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తడబడకుండా చదివానని బ్యాగు చేతికిచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"సొంత భాష విలువ మాకు తెలుసు. మా ఊరు కొమిల్లాలో ఒక వకీల్ సాబ్ ఉండేవాడు. ఉర్దూతో పాటు మా బంగ్లాకీ చోటివ్వమని పాకిస్తాన్ అసెంబ్లీలో లేచి అడిగాడు. తర్వాత మా దేశం విడిపోయిన యుద్ధంలో పాకిస్తాన్ ఫౌజ్ ఇంటికొచ్చి పట్టుకుపోయింది, తిరిగి రాలేదు" అన్నాడు చాచా. ఇదంతా హిందీలోనే చెప్పాడు పాపం, నాకు బంగ్లా రాదు కదా.

విమానంలో పాస్‌పోర్టు తెరిచి చూస్తే, దాని గడువు వచ్చే నెలతో సరి. ఈసారి గడ్డంతోనే ఫోటో దిగాలి.