సాంచాలు ఆపి వేసుకునే సూది

పగలు పన్నెండు గంటల నలభై నిమిషాలకు బాపు కార్ఖానాలో చొక్కా పైకెత్తి పొట్టకు ఇన్సులిన్ సూది వేసుకున్నాడు. పక్కన స్టూలు మీద టిఫిన్ డబ్బా మూత తీసి ఉంది. అప్పుడే రెండో సాంచా మీద పోగు తెగింది. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు, నాన్నను బాపు అంటారు. బాపు నాలుగింటిని ఒక్కడే నడిపేవాడు. పోగు అతికించి వచ్చేసరికి నాలుగో దాంట్లో కండె మీది నూలు అయిపోయింది. అది మార్చాడు. మళ్లీ రెండోది ఆగింది. ఒంటిగంటన్నరకు డబ్బాలో అన్నం అలాగే ఉంది, బాపు రెండు సాంచాల సందులో కూలబడి ఉన్నాడు. ఒళ్లంతా చెమట, మాట ముద్దగా వస్తోంది. కండెలు చుట్టే ఆమె చాయలో రెండింతలు చక్కెర వేసి తాగించింది. ఆమెకు ఎవరూ నేర్పలేదు. వాళ్ల ఇంట్లోనూ షుగర్ ఉంది.

అది ఆ నెలలో మూడోసారి. కరీంనగర్‌లో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు చెడ్డవాడు కాదు. సూది వేసుకున్నాక ఆలస్యం చేయకుండా తినాలని కంప్యూటరు వైపు చూస్తూ చెప్పాడు, అర్థమైందా అని అడిగాడు. బాపు తలూపాడు. ముప్పై ఏళ్లు సాంచాల మోతలో ఉన్నవాళ్లకు చెవులు సగమే పనిచేస్తాయి. ఎదుటివాళ్లు రెండోసారి అరవాల్సిన పని లేకుండా తలూపడం అక్కడి మర్యాద. పెదాలు కనబడితే బాపు మాట పట్టుకునేవాడు. ఆ రోజు డాక్టరు పెదాలు ఆయనకు కనబడలేదు. చీటీ మీద ఇలా రాశాడు: మందులు సరిగా వాడడం లేదు, మగ్గం పని మానేయాలి.

కార్ఖానా నడిపే ఆసామి ఆ చీటీ చదివి వెనక్కి ఇచ్చాడు. "కాకా, గీ కాయితం ఉన్నంక నేనెట్ల రమ్మంట? రేపు ఏమన్న అయితె నా మీదికస్తది." ఆయన్ను తప్పు పట్టలేను. బాపు ఇంటికొచ్చి గోడకానుకొని కూర్చున్నాడు. అన్నం వేళకు తిన్నాడు, సూది వేళకు వేసుకున్నాడు. పదిహేను రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. వేళకు తింటున్నాడు కాబట్టి బాగున్నాడనే అనాలి. నేను అనలేదు.

బడికి సెలవు పెట్టి బాపును మళ్లీ ఆసుపత్రికి తీసుకుపోయాను. మందులు సరిగా వాడడం లేదని ఎలా రాశారని అడిగాను, ఆయన ఒక్క సూది కూడా మానలేదని చెప్పాను. డాక్టరు రికార్డులో పడిపోయిన షుగర్ అంకెలు చూపించాడు. నా గొంతు పెరిగింది. నేను బడిలో పిల్లల మీద కూడా గొంతు పెంచే మనిషిని కాదు. అక్కడే బీపీ చూస్తున్న నర్సు మమ్మల్ని వరండాలోకి పిలిచింది.

ఆమె కుర్చీ లాక్కొని బాపుకు ఎదురుగా కూర్చుంది, ముఖం వెలుతురులో ఉండేలా. ఒక ఖాళీ సిరంజి, పొట్ట అనుకోమని ఒక బత్తాయి ఆయన చేతిలో పెట్టింది.

"కాకా, నేను చెప్పుడు బందు. మీరు కార్ఖానల ఎట్ల చేస్తరో చేసి చూపెట్టుండ్రి."

బాపు బత్తాయికి సూది గుచ్చాడు. చేయి సరిగ్గానే ఉంది. తీసి పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఎందుకు లేసిండ్రు?"

"పోగు తెగింది గద బిడ్డా."

"ఏది తెగింది?"

"ఏదో ఒకటి. నాలుగు సాంచాలల్ల ఏదీ తెగకుంటె నేను సేఠునైపోదును."

ఆమె నవ్వింది, బాపు కూడా నవ్వాడు. పదిహేను రోజుల్లో అదే మొదటిసారి. తప్పు ఎక్కడుందో నాకప్పుడు కనబడింది. ఏళ్ల తరబడి ఆయన వెంట ఆసుపత్రులకు తిరిగాను, చీటీలన్నీ ఫైలులో కుట్టి పెట్టాను. ఆ ఫైలులో పోగు తెగడం గురించి ఒక్క ముక్క లేదు. నేనూ అడగలేదు.

ఆమె తిట్టలేదు, భయపెట్టలేదు. నాలుగూ ఆపడానికి ఎంతసేపు పడుతుందని అడిగింది. అన్నం ముందు పెట్టుకున్నాక సూది వేసుకుంటే సరిపోతుందా అని లోపలికి వెళ్లి డాక్టరును అడిగి వచ్చింది. తర్వాత బాపుతోనే చెప్పించింది. రెండుసార్లు తడబడ్డాడు. మూడోసారి తన మాటల్లో చెప్పాడు.

"ముందుగాల సాంచాలు బందు. చేయి కడుక్కొని బువ్వ ముందట పెట్టుకున్నంక సూది. ఎంబడే బువ్వ. పోగు తెగితె తెగనీ."

ఓపిక, కరుణ అని పుస్తకాల్లో రాస్తారు. ఆమెకు ఎంత ఓపిక ఉందో నాకు తెలియదు. ఎక్కడ కూర్చోవాలో, ఏం అడగాలో, ఎప్పుడు ఊరుకోవాలో తెలుసు. అది నేర్చుకుంటే వచ్చే పని. ఆసుపత్రుల్లో అందరికీ నేర్పకపోవడానికి సాకులు ఉండవచ్చు. నేను ఒప్పుకోను.

పని మానమని మీరెందుకు చెప్పలేదని అడిగాను. "మా బాపు కాగజ్‌నగర్ల మిల్లు మనిషి," అంది. "మిల్లు బందైనంక నాలుగేండ్లు ఇంట్ల కూసున్నడు. గోలీలన్ని యాళ్లకు మింగిండు. షుగరు మంచిగనే ఉండె, మనిషే మిగలలే."

ఆమె డాక్టరును వరండాకు పిలిచింది. బాపు ఇంకోసారి చేసి చూపించాడు. డాక్టరు కాసేపు చూసి, పాత వాక్యాలు కొట్టేసి, పని చేసుకోవచ్చని రాశాడు.

సోమవారం బాపు పనిలోకి వెళ్లాడు. ఒంటిగంటకు నాలుగు సాంచాలూ ఆపి గచ్చు మీద కూర్చున్నాడు. అక్కడ అందరూ ఒక కన్ను దారం మీద పెట్టి నిలబడే తినేవాళ్లు. పక్క సాంచాల మనిషి వరసకు బామ్మర్ది, ఊరుకుంటాడా. "బావ బువ్వకు కూసున్నడు, జర సాంచాలకు గూడ పచ్చిపులుసు పొయ్యుండ్రి" అన్నాడు. ఆసామి గొణిగాడు. బాపు వినబడనట్టే తిన్నాడు. నెల తిరిగేసరికి ఆ బామ్మర్ది కూడా ఆపి కూర్చున్నాడు. అతనికీ షుగర్ ఉందని అప్పుడే తెలిసింది.

బాపు ఇంకా ఆరేళ్లు పని చేశాడు. తర్వాత కిడ్నీలు పోయాయి, ఆయనా పోయాడు. ఆ నర్సు బాపును బతికించిందని రాయను, అది అబద్ధం. పదో రోజున చిన్నాయన, అప్పుడే పని బంద్ చేస్తే ఇంకా రెండేండ్లు ఉండేటోడు అన్నాడు. "గోడకానుకొని కూసుంటె ఆ ఆరేండ్లు బతికినట్టేనా చిన్నాయనా?" అన్నాను. పెద్దాయనను అలా అన్నందుకు నేను క్షమాపణ అడగలేదు.

ఆ కార్ఖానాలో ఇప్పుడు ఎవరూ నడుస్తున్న సాంచా పక్కన నిలబడి అన్నం తినరు, ఆపి కూర్చునే తింటారు.